మంగళవారం మాత్రలు

మహేంద్రతనయ నది పొంగి ఊళ్ళ మీద పడిన వరదకు అది నాలుగో వేసవి. ఆ వరదను వెంటబెట్టుకొచ్చిన గాలికే ఉద్దానంలో సగం కొబ్బరి నేలకొరిగింది. నిలిచినవన్నీ పొడుగు చెట్లు, తాతలు నాటినవి. వాటిని ఎక్కగలిగినవాళ్ళు ఊళ్ళో ఇద్దరే మిగిలారు. ఒకడు గున్నయ్య, రెండోవాడు అతని బావ సన్యాసిరావు.

ఆ సోమవారం పొద్దున పదకొండో చెట్టు నడుమ గున్నయ్య ఆగిపోయాడు.

ఆగాలని ఆగలేదు. పాదాలకు వేసుకున్న తాడు బంధాన్ని మాను గంటుకు ఆనించి, చేతులు పైకి వేసి, మోకాళ్ళు లాక్కోవాలి. ముప్పై ఏళ్ళుగా ఆ పని అతను తలుచుకుని చెయ్యలేదు. ఒంటికి అదే తెలుసు. ఇప్పుడు చేతులు పైకి వెళ్ళాయి, మోకాళ్ళు మాత్రం రాలేదు. ఎక్కడా నొప్పి లేదు. తొడల్లో తడి ఇసుక నింపినట్టుంది. ఊపిరి అందడం లేదు. చెవి మానుకు ఆనించి ఉంది గనక గుండె చప్పుడు వినిపిస్తోంది. అది తన మానాన తను, నీడన మంచం మీద పడుకున్నవాడి గుండెలాగ నింపాదిగా కొట్టుకుంటోంది. పైన ఇంకా ఇరవై గంట్లున్నాయి.

పక్క చెట్టు మొవ్వులోంచి సన్యాసిరావు కేకేశాడు.

"ఏటి బావా, అక్కడే కాపరం ఎట్టేత్తావేటి? సెల్లి సేత కుండా సెంబూ అందించమంటావా?"

కింద కాయలు పోగేస్తున్న ఆడవాళ్ళు నవ్వారు. నూకరత్నం నవ్వలేదు. సన్యాసిరావుకు ఆమె తోడబుట్టింది, గున్నయ్యకు పెళ్ళాం. చేతిలోని కాయను గంపలో వేసి తలెత్తి చూసింది. మళ్ళీ వంగి ఇంకో కాయ తీసింది.

గున్నయ్య వంద అంకెలు లెక్కపెట్టి కదిలాడు. పైకి చేరాడు, ఎండుమట్టలు కొట్టాడు, మూడు గెలలు దింపాడు. దిగేసరికి కాపు కొనుక్కున్న షావుకారు కూర్మారావు గొడుగు కింద నిలబడి ఉన్నాడు. ముఖం దగ్గరికి వచ్చి వాసన చూసినట్టు ముక్కు ఎగబీల్చాడు.

"రాత్రేటైనా పుచ్చుకున్నావా గున్నయ్యా?"

గున్నయ్య వంగి పాదాల బంధం విప్పుకున్నాడు.

"రేపు మంగళవారం, ఎలాగూ కత్తి పెట్టరు. బుధవారం నుంచి గట్టు తోట. మొదటి చెట్టు సన్యాసిరావు ఎక్కుతాడు. నువ్వు చివరి వరస చూసుకో."

ఆ తీరంలో మొదటి చెట్టంటే మాటలు కాదు. దింపుకు వెళ్ళిన ఏ తోటలోనైనా మొదటి చెట్టు ఎక్కేవాడు మానును మూడుసార్లు అరచేత్తో తట్టి, నుదురు ఆనించి ఎక్కుతాడు. అతను దించిన మొదటి గెల నేలను తాకేదాకా మిగతావాళ్ళు పాదాలకు బంధం వేసుకోరు. ఎవరికి ఏ వరసో అతనే చెబుతాడు. ఏ చెట్టు ఈ ఏడు ముట్టకూడదో అతనే చెబుతాడు, ఆ మాటను తోట ఆసామి కూడా దాటడు. గున్నయ్య ఇరవై రెండేళ్ళుగా ఆ చెట్టు ఎక్కుతున్నాడు.

తాగలేదని చెప్పొచ్చు. చెబితే, మరి ఎందుకు ఆగావని అడుగుతారు. మాత్ర వేసుకుంటున్నానని అప్పుడు చెప్పాలి. ఆ ఊళ్ళో బీపీ మాత్ర పేరు బయటికి అనరు. గున్నయ్య అన్న ఢిల్లీరావు కూడా అలాంటి ఒక్క తెల్ల మాత్రతోనే మొదలయ్యాడు. ఇప్పుడు వారానికి మూడు రోజులు పలాసలో మంచమెక్కి, చేతిని కిడ్నీ మిషనుకు ఇచ్చి పడుకుంటున్నాడు. అందరి లెక్కా అదే. మొదట మాత్ర, తరవాత పలాస, ఆ తరవాత కాష్టం. తాగుబోతని అనిపించుకోవడం నయం.

మంగళవారం ఆశా కార్యకర్త శశికళ వచ్చింది. కొబ్బరివాళ్ళు ఇంటిపట్టున దొరికే రోజు అదే. అరుగు మీద కూర్చోబెట్టి చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. అయిదు వారాల కిందట బడి దగ్గర పెట్టిన శిబిరంలో ఆమె చూసినప్పుడే గున్నయ్య బీపీ నూట ఎనభై దాటింది. ఆ రోజు శిబిరంలో వరసగా నిలబడ్డవాళ్ళందరికీ ఒకే రకం తెల్ల మాత్రలు ఇచ్చారు. రోజూ పొద్దున ఒకటి అన్నారు. ఏం పని చేస్తావని ఎవరూ అడగలేదు. చీటీలో కూలి అని రాసుకున్నారు.

"నూట ముప్పై నాలుగు. బాగా తగ్గింది చిన్నాన్నా" అని శశికళ మాత్రల అట్ట తీసుకుని ఖాళీ గుంటలు చూసింది. "ఒక్కటీ మానలేదు. అందరూ నీలాగే ఉంటే నా పని సులువు."

ఆమె వెళ్ళిపోయాక గున్నయ్య అట్టను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. బీపీ తగ్గింది, నిజమే. దానితోపాటు కాళ్ళూ పోయాయి. మాత్ర మానితే కాళ్ళొస్తాయి, బీపీ పెరుగుతుంది. రెండూ ఎలాగ? పొలానికి నీళ్ళు వంతు ప్రకారం పెడతారు. వంతు రోజున మడి నిండా పెట్టుకుంటే తక్కిన రోజులకు అదే సరిపోతుంది. ఎక్కని రోజు మంగళవారం ఒక్కటే. ఆ రోజు రెండు వేసేసుకుంటే ఎక్కే రోజుల్లో మానెయ్యొచ్చు.

పొద్దున నూకరత్నం ఇచ్చినది ఒకటి లోపలే ఉంది. రెండోది అతనే గుంట నొక్కి తీసి మింగాడు. ఆ పగలంతా తల తిరుగుతున్నట్టుండి పడుకున్నాడు.

బుధవారం గట్టు తోటలో సన్యాసిరావు మానును మూడుసార్లు తట్టి, నుదురు ఆనించాడు. గున్నయ్య చివరి వరస మొదట్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొదటి గెల ధబ్బున పడింది. అప్పుడు వంగి పాదాలకు బంధం వేసుకున్నాడు. ఆ రోజు అతను ఎక్కింది పద్దెనిమిది చెట్లే. అప్పటికే కాళ్ళు సీసంలాగ అయ్యాయి. సన్యాసిరావు కూడా పెద్దగా ఎక్కలేదు. చెట్టుకూ చెట్టుకూ నడుమ కింద కూర్చుని చుట్ట కాల్చుకున్నాడు. పెద్దరికం వచ్చిందని నీలుగుతున్నాడని గున్నయ్య అనుకున్నాడు.

ఆ పొద్దు నుంచి నూకరత్నం మాత్ర ఇస్తే దవడ పక్కన పెట్టుకుని నీళ్ళు తాగేవాడు. తోటకు వచ్చాక ఇసుకలో ఉమ్మి, బొటనవేలితో కప్పేసేవాడు. గురువారానికి ఒళ్ళు కొంచెం వదిలింది. శుక్రవారం పొద్దున మొదటి చెట్టుకే తెలిసింది, కాళ్ళు తిరిగొచ్చాయని. మోకాలు తలిచేలోగా పైన ఉంటోంది. గుండె దడదడలాడుతోంది. ఆ దడ అతనికి చుట్టం ఇంటికి వచ్చినట్టుంది. ఆ రోజు నలభై రెండు చెట్లు దింపాడు. చివరి చెట్టు దిగేసరికి కూర్మారావు గొడుగు మూసి నవ్వాడు.

"మానేశావన్నమాట. మంచిది. ఇలాగే ఉంటే సోమవారం నుంచి మొదటి చెట్టు నీదే."

సన్యాసిరావు చుట్ట తీసి ఉమ్మాడు. "మా బావకి సెట్టు మీద మనసైతే ఎవులాపుతారు బాబూ."

ఇంటికి వెళుతూ గున్నయ్య పెళ్ళాంతో, "రేపు రొయ్యిలు దొరికితే తీసుకో" అన్నాడు. అతను అంత మాట అనడం ఆ నెలలో అదే మొదలు. నూకరత్నం అతని ముఖం చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎండ అనుకుంది.

శనివారం ముప్పయ్యో చెట్టు మొవ్వులో కూర్చుని గెలకు కత్తి పెడుతుండగా మాడు మీద ఎవరో గునపంతో పొడిచినట్టయింది. కళ్ళముందు మట్టలు రెండేసి కనబడ్డాయి. సముద్రం వైపు చూశాడు, అదీ రెండుగా ఉంది. కత్తిని మట్ట మొదట్లో గుచ్చి రెండు చేతులా మొవ్వు పట్టుకున్నాడు. పెదవి మీద ఏదో వెచ్చగా జారింది. చెమటనుకుని నాలుకతో తుడుచుకుంటే ఉప్పగా, ఇనుములాగ ఉంది.

కింద నూకరత్నం కాయ అందుకోబోతుంటే ఆ పచ్చటి కాయ మీద ఒక ఎర్ర చుక్క పడింది. తరవాత ఆమె మణికట్టు మీద ఇంకొకటి. ఆమె అరవలేదు. కొంగుతో కాయను తుడిచింది, చేతిని తుడిచింది. చుట్టూ చూసింది. ఎవరూ ఇటు చూడటం లేదు. తలెత్తి మామూలు గొంతుతోనే అంది.

"మావా, కత్తి అక్కడే వొగ్గీ. నెమ్మదిగా దిగు. నాను కిందే ఉన్నాను."

దిగడానికి చాలాసేపు పట్టింది. గంటు గంటుకూ ఆమె "ఆఁ, ఇంకోటి" అంటూనే ఉంది. నేల మీదికి వచ్చాక అతన్ని చెట్టు చాటుకు తీసుకెళ్ళి ముక్కు పట్టుకుని కూర్చోబెట్టింది. రక్తం ఆగాక అంది.

"మింగుతన్నావా, ఉమ్ముతన్నావా?"

గున్నయ్య వేలితో ఇసుక చూపించాడు.

పలాస వెళితే ఊరంతా తెలుస్తుంది. ఆస్పత్రి గుమ్మంలోనే ఊరివాళ్ళు నలుగురు ఉంటారు, ఢిల్లీరావు వెంట వెళ్ళినవాళ్ళో, తమ మంచం వంతు కోసం కాసుకున్నవాళ్ళో. అందుకని నూకరత్నం టెక్కలి అంది. ఆదివారం, సోమవారం మాత్ర ఆమే నోట్లో వేసి, నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూసింది. సోమవారం కాశీబుగ్గలో బస్సు మారి టెక్కలిలో దిగారు. డాక్టరమ్మ గది రెండో అంతస్తులో ఉంది. పేరు సాహితి. ముప్పై ఏళ్ళుంటాయేమో. పట్టీ చుట్టి, అంకె చూసి, అట్ట చూసి, అట్టను వెనక్కి తిప్పి చూసింది.

"ఏం పని చేస్తావు?"

"సెట్లెక్కుతాను."

"కొబ్బరి చెట్లా? రోజుకి ఎన్ని?"

"నలబై. ఒక్కోపాలి యాబై."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఈ మాత్ర వేసుకుంటూనా?"

జరిగిందంతా నూకరత్నమే చెప్పింది, పదకొండో చెట్టు మొదలు ఇసుకలో ఉమ్మినదాకా. మంగళవారం రెండు మింగిన సంగతి ఆమెకు తెలియదు. అది మాత్రం, నీటి వంతు లెక్కతో సహా, గున్నయ్య తనే చెప్పాడు. నూకరత్నం అతని వైపు తిరిగి చూసింది.

డాక్టరమ్మ అతని నాడి పట్టుకుని గడియారం చూసింది. యాభై నాలుగు. "కిందికి దిగి మళ్ళీ ఎక్కి రా. నీ మామూలు నడకతోనే" అంది. గున్నయ్య వెళ్ళాడు. నలభై నాలుగు మెట్లు. చెట్టు కాదు, గంట్లు లేవు, పట్టుకోవడానికి కమ్మీ ఉంది. పైకి వచ్చేసరికి తలుపు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఆమె మళ్ళీ నాడి పట్టుకుంది.

"డెబ్బై. ఇంత రొప్పుతున్నావు, నీ గుండె మాత్రం డెబ్బై దాటలేదు. నూట పది, నూట ఇరవై ఉండాలి ఈపాటికి." ఆమె నూకరత్నం వైపు చూసి చెప్పింది. "ఇది బద్ధకం కాదమ్మా, వయసూ కాదు. మాత్ర పని. బీపీ తగ్గించే మాత్రలన్నీ ఒకటి కావు. దీన్ని అటెనొలాల్ అంటారు. ఇది గుండెకి పగ్గం వేసి నెమ్మదిగా నడిపిస్తుంది. కొందరికి అదే కావాలి, దాని వల్లే బతుకుతారు. ఈయన పనికి గుండె పరిగెత్తాలి. పగ్గం వేసి పరిగెత్తమంటే కాళ్ళకి రక్తం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

గున్నయ్య ఆమె ముఖమే చూస్తున్నాడు.

"అలాగని టక్కున మానకూడదు. ఇన్నాళ్ళు కట్టేసినదాన్ని ఒక్కసారి వదిలితే గుండె అదుపు తప్పుతుంది. శనివారం జరిగింది అదే అయ్యుంటుంది. పైనుంచి పడకపోవడం మీ అదృష్టం. వారం రోజులు ఇది సగం వేసుకో. రేపటి నుంచే దీనితోపాటు ఈ కొత్త మాత్ర ఒకటి. ఇది నరాల్ని వదులు చేస్తుంది, గుండె జోలికి పోదు. పాదాలు కొంచెం వాచొచ్చు, భయపడకు. రోజుకి ఒకటే. రెండు రోజులది ఒక్కసారి మింగడం నీటి వంతు కాదు, తెలిసిందా?"

రక్తం తీసి, మధ్యాహ్నం దాకా కూర్చోమన్నారు. కాగితం వచ్చాక డాక్టరమ్మ చూసి, "కిడ్నీలు బాగున్నాయి. బీపీని ఇలా వదిలేస్తే మాత్రం బాగుండవు" అంది.

"మరి ఎక్కొచ్చా?" అన్నాడు గున్నయ్య.

"రెండు వారాలు నేల మీద పని చేసుకో. తరవాత వస్తే చూసి చెబుతా. ఇంకెప్పుడూ ఎక్కలేవని మాత్రం నేననను."

తిరుగు బస్సులో గున్నయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. "బద్దకం కాదన్నాది, ఇన్నావా? వయిసు కాదన్నాది. నలబై నాలుగు మెట్లు. డెబ్బయ్యంట, నూటిరవై ఉండాలంట." నూకరత్నం కిటికీలోంచి జీడితోటలు చూస్తోంది. మణికట్టును కొంగుతో రుద్దుకుంటోంది. అక్కడ ఇప్పుడేమీ లేదు.

మంగళవారం మధ్యాహ్నం కూర్మారావు గున్నయ్య ఇంటికి వచ్చాడు. షావుకారు గుమ్మం తొక్కడం అదే మొదలు. చేతిలో రొట్టె పొట్లం ఉంది. అరుగు మీద కూర్చుని దాన్ని గున్నయ్య పక్కన పెట్టాడు.

"అరటిపళ్ళు తెద్దామనుకున్నాను. మీ అన్నకి పడవు కదా, నీకూ పడవని బ్రెడ్డు తెచ్చాను. నాకు ముందే ఒక్క మాట చెప్పకూడదా గున్నయ్యా? తాగావని అన్నాను. తప్పయిపోయింది."

అతని కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. గున్నయ్య పొట్లాన్ని పక్కకు జరిపాడు.

"నా కిడ్నీలు బాగున్నాయి బాబూ. కాయితం ఉన్నాది." లోపలికి వెళ్ళి తెచ్చి ఇచ్చాడు.

కూర్మారావు కళ్ళజోడు పెట్టుకుని కాగితాన్ని ఇటూ అటూ చూసి, మడిచి తిరిగి ఇచ్చాడు. "కాగితాలు మొదట్లో మీ అన్నకీ ఇలాగే ఇచ్చారు. నువ్వు ఇంక చెట్టు జోలికి వెళ్ళకు. ఏదైనా అయితే ఆ పాపం నేను మొయ్యలేను. గునపం దగ్గర కూర్చుని కాయలు వొలుచుకో. నూకరత్నం పక్కనే ఉంటుంది."

"రెండు వారాలే అన్నాది డాక్టరమ్మ."

"ఆవిడ ఎక్కుతుందా చెట్టు?" అంటూ కూర్మారావు లేచి, అతని భుజం తట్టి వెళ్ళాడు. ఆ తట్టడంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని గున్నయ్యకు అనిపించింది. తాగుబోతన్నప్పుడు మొదటి చెట్టు పోయింది, తిరిగి రాబోయింది కూడా. ఇప్పుడు అన్ని చెట్లూ పోయాయి.

నూకరత్నం లోపల బియ్యం చెరుగుతోంది. గున్నయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వే సెప్పినావా?"

"నానే సెప్పినాను. పొద్దున కుళాయి కాడ, మాత్ర సంగతి."

"మీ అన్న కోసమా?"

చేట ఆగింది. "నా అన్న ఎక్కితే నాకేటి, ఎక్కకపోతే నాకేటి. ఆ సుక్క నా సేతి మీద పడ్డాది మావా. నువ్వు రెండు వారాలన్నావు. నాను రెండు వారాలూ నీ మొకం సూత్తాను, తరవాత మళ్ళీ ఆ సెట్టు కింద నిలబడాలి. నా వల్ల కాదు. కోపమొత్తే తిట్టు. బతికుండి తిట్టు."

గున్నయ్య తిట్టలేదు. రొట్టె పొట్లం అరుగు మీదే ఉండిపోయింది. సాయంత్రానికి చీమలు పట్టాయి.

బుధవారం అతను నేలలో నిలువుగా పాతిన గునపం దగ్గర కూర్చున్నాడు. కాయను ముక్కు కింద రెండు వేళ్ళు వదిలి గుచ్చాలి, మణికట్టు తిప్పాలి, పీచు మూడు పాయలుగా ఊడాలి. ఆడవాళ్ళకు అది ఊపిరంత తేలిక. గున్నయ్య మొదటి కాయను పగలగొట్టేశాడు. నీళ్ళు ఒళ్ళో పడ్డాయి. పక్కనున్న ముసలి కాంతమ్మ, "సెట్టు మీద మారాజువి, నేల మీద మాకు సిస్యుడివి" అంది. తరవాత అతనికి కిడ్నీ జబ్బన్న మాట గుర్తొచ్చి గొంతు తగ్గించి, "నీళ్ళు నోట్లో పోసుకోకు నాయనా, నీకు మంచివి కావు" అంది. గున్నయ్య వేళ్ళు తుడుచుకుని ఇంకో కాయ అందుకున్నాడు.

మర్నాడు లారీ వస్తుంది. కూర్మారావు తొందరగా ఉన్నాడు. ఒక్కడే మనిషి, ఇంకా నలభై చెట్లున్నాయి. సన్యాసిరావు ఒకటి, రెండు, మూడు దింపాడు. ఏడోది దిగి చుట్ట కోసం కూర్చోబోతే కూర్మారావు గొడుగు కొనతో ఎనిమిదోది చూపించాడు. సన్యాసిరావు నవ్వుతూ లేచాడు. సగం ఎక్కాడు. ఆగాడు.

గున్నయ్య చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఆ ఆగడం అతనికి తెలుసు. అలసినవాడు ఆగితే ఒక చెయ్యి వదిలి చెమట తుడుచుకుంటాడు, నడుం వంచుతాడు. సన్యాసిరావు రెండు చేతులా మానును కావలించుకుని చెవి ఆనించాడు. మోకాళ్ళు పైకి రావడం లేదు. ఇవాళ బుధవారం. నిన్న మంగళవారం.

"వీడికేమైంది?" అన్నాడు కూర్మారావు. "వీడికీ అదే రోగమా? ఉద్దానం మనుషుల పనైపోయింది. రేపు వీడూ ఇలాగే చేస్తే డొంకూరు వైపు నుంచి మిషనుతో ఎక్కేవాళ్ళని దింపేస్తాను. మీరంతా ఇంట్లో పడుకోండి."

గున్నయ్య లేచి నిలబడ్డాడు. నోట్లో మాట ఉంది. అది చెబితే సన్యాసిరావూ నేల మీదికి వస్తాడు. ఇద్దరూ గునపాల దగ్గర కూర్చోవచ్చు. చెప్పకపోతే సన్యాసిరావు రేపు కొంచెం తేలికపడతాడు, ఎల్లుండి ఎగురుతాడు, శనివారం ముప్పయ్యో చెట్టు ఎక్కుతాడు.

"కందిరీగల గూడున్నట్టున్నాది బాబూ. సూసుకుంటన్నాడు" అన్నాడు.

కూర్మారావు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసి గొణుక్కుంటూ పక్కకు జరిగాడు. కొంతసేపటికి సన్యాసిరావు కదిలాడు.

పని ముగిశాక ఇసుక బాట మీద గున్నయ్య బావ పక్కన నడిచాడు. ఆడవాళ్ళు ముందు వెళ్ళిపోయేదాకా ఆగి అడిగాడు.

"మంగళోరం రెండేసుకున్నావా బావా?"

సన్యాసిరావు చటుక్కున నిలబడ్డాడు. "ఏటి రెండు?"

"తెల్లవి."

"నీకెవులు సెప్పినారు? మా ఇంటిదా?"

"ఎవులూ సెప్పలేదు. బుధవారం కాళ్ళు రావు. శనివారానికి తేలికైపోద్ది. అప్పుడే ముక్కంట రగతం."

సన్యాసిరావు బాట పక్కన కూలబడ్డాడు. చుట్ట తీశాడు గాని వెలిగించలేదు. "నాలుగు నెల్లయ్యింది. నరసన్నపేటలో సూపించుకున్నాను. నీ కంటే ముందునుంచే మింగుతన్నాను. శనివారం ఒక్కోపాలి తల పగిలిపోద్ది, ముక్కు మాత్తరం ఇంకా కారలేదు."

"మరి నన్ను అలగ ఎగతాలి సేసినావు. కాపరం ఎట్టేత్తావేటని."

"నువ్వు ఆగినావంటే నాకు పేనం లేసొచ్చీది బావా. నా ఊపిరి ఎవులికీ ఇనబడకుండా గట్టిగా అరిసీవోడిని. ఆల్లు నవ్వేలోగా నాను ఊపిరి తీసుకునీవోడిని." సన్యాసిరావు ముఖం అటు తిప్పుకున్నాడు. "మొదటి సెట్టు నీ కాడ లాక్కోవాలని కాదు. ఇమ్మంటే వొద్దనలేకపోనాను."

గున్నయ్య కూడా కూర్చున్నాడు. సముద్రం నుంచి గాలి మొదలైంది.

"రేపు టెక్కలి పద. మాత్ర మారుత్తాది."

"రేపు లారీ. రేపు నాను కనబడకపోతే ఆ బాబు మరి నన్ను సెట్టు ముట్టనీడు. నిన్ను సూసినాను గదా. రొట్టి తెచ్చి ఇచ్చి సంపేసినాడు. వొచ్చే మంగళోరం ఎల్దాం."

"మంగళోరానికి ముందు శనివారం ఉన్నాది."

"నాకేటీ కాదు బావా. నువ్వెవులికీ సెప్పకు, అదే సాలు" అని సన్యాసిరావు లేచి, చొక్కా ఇసుక దులుపుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున గున్నయ్య సగం మాత్రా కొత్త మాత్రా వేసుకుని, నీళ్ళు తాగి, నూకరత్నం ఎదుట నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించాడు. ఆమె అడగలేదు. అయినా చూపించాడు. తరవాత చొక్కా తొడుక్కుని సన్యాసిరావు ఇంటికి నడిచాడు. సన్యాసిరావు పెరట్లో ముఖం కడుక్కుంటున్నాడు. అతని తాడు బంధమూ కత్తీ చూరుకు వేలాడుతున్నాయి. గున్నయ్య రెండూ తీసి భుజాన వేసుకుని, ఏమీ చెప్పకుండా బస్సు రోడ్డు వైపు నడవడం మొదలుపెట్టాడు.

"ఏయ్ బావా, ఎక్కడికది? తాడిచ్చీ." సన్యాసిరావు తుడుచుకోని ముఖంతోనే వెంటపడ్డాడు. "కత్తిచ్చీ బావా, బేగి ఎల్లాలి. లారీ వొచ్చేసుంటాది. నీకు పిచ్చా ఏటి?"

గున్నయ్య తిరిగి చూడలేదు. వేగంగా కూడా నడవలేదు. అతని కాళ్ళకు ఇప్పుడు ఉన్న నడక అదే. సన్యాసిరావు తలుచుకుంటే నాలుగు అంగల్లో అందుకుని లాక్కోగలడు. రోడ్డు దాకా తిడుతూ రెండు బారల వెనకే వచ్చాడు గాని, అందుకోలేదు. బస్సు వచ్చింది. గున్నయ్య ఎక్కాడు. సన్యాసిరావు మెట్టు మీద ఒక్క క్షణం నిలబడి, డ్రైవరు హారను కొట్టాక లోపలికి వచ్చి పక్కన కూర్చున్నాడు.

గట్టు తోట దగ్గర బస్సు మెల్లగా వెళ్ళింది. రోడ్డుకు అడ్డంగా లారీ ఉంది, వెనక తలుపు దించి ఉంది. కూర్మారావు గొడుగు పట్టుకుని ఊరి వైపు చూస్తున్నాడు. ఆడవాళ్ళు ఖాళీ గంపలు బోర్లించుకుని కూర్చున్నారు. సన్యాసిరావు కిటికీ కిందికి తల దించేశాడు. గున్నయ్య దించలేదు. కూర్మారావు చూపు బస్సు మీదికి వచ్చి, గున్నయ్య ముఖం మీద ఆగి, పక్క సీట్లో వంగిన వీపు మీద నిలిచింది. తరవాత అతను జేబులోంచి ఫోను తీశాడు.

"అయిపోనాది" అన్నాడు సన్యాసిరావు, తల ఎత్తకుండానే. "ఇద్దరి పనీ అయిపోనాది. డొంకూరు మిషన్లొచ్చేత్తాయి."

కండక్టరు వచ్చి నిలబడ్డాడు. టెక్కలి బస్సు కాశీబుగ్గలో మారాలి.

"కాశీబుగ్గ రెండు" అన్నాడు గున్నయ్య.